నలభై గొంతులు, ఒక చెంచా

నాంత్‌గారెగ్, వేల్స్
ఫిబ్రవరి 22, 1960

జలుబు పరిశోధన కేంద్రం డాక్టరు గారికి,

బూట్లు కుట్టే ఇడ్వాల్ ప్రైస్ నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమేనని తలుస్తాను. జలుబు డాక్టరే క్షేమంగా లేకపోతే ఇక మా బోటివాళ్లకు దిక్కేది?

పేపర్లో మీ ప్రకటన చూశాను. మీ గుట్ట మీద పది రోజులుంటే తిండీ బసా ఊరికే పెట్టి, ముక్కులో చుక్కలు వేసి జలుబు తెప్పిస్తారట. మా ఊళ్లో అందరూ పడీ పడీ నవ్వారు. నేను నవ్వలేదు. చేతిలో బూటు పక్కన పడేసి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మా ఊరి పాటల బృందానికి నేను నాయకుణ్ణి. నలభై గొంతులు. అందులో పై స్థాయిలో ఒంటరిగా పాడగలిగినవాడు ఒక్కడే, ఎమ్రిస్ ప్రోబర్ట్. పాలబండి ఎమ్రిస్ అంటేనే ఇక్కడ తెలుస్తుంది. ఏటా ఈస్టరు సోమవారం పాటల పోటీ. ఏడాదంతా వాడి గొంతు గంటలా మోగుతుంది. సరిగ్గా పోటీ వారం వచ్చేసరికి ముక్కు కారడం మొదలు. వేదికెక్కి నోరు తెరిస్తే తడిసిన డప్పు. కప్పు ఎప్పుడూ పక్కలోయ త్రెవెల్లిన్ వాళ్లదే. ఆ బృందాన్ని నడిపేది గ్వెన్‌లియన్ అనే ఆవిడ. మా అక్కే. మా మధ్య మాటల్లేవు. ఆ గొడవ మీకెందుకు లెండి.

ఈసారీ ఓడితే రెండు బృందాల్నీ కలిపేసి, పాట నడిపే కర్ర మా అక్క చేతికిస్తామని కమిటీ తేల్చి చెప్పింది. ముప్ఫై ఏళ్లుగా నేను పట్టుకున్న కర్ర. అది లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా నాకు తెలియదు. కూర్చుంటే నిలబడాలనిపిస్తోంది, నిలబడితే నడవాలనిపిస్తోంది. మొన్న ఒకావిడ బూటుకు మడమ రెండుసార్లు కొట్టాను.

నా మనవి ఏమిటంటే, మశూచికి టీకా ఎలాగో జలుబుకు జలుబు అలాగే కదా. ఒకసారి వచ్చిపోతే మళ్లీ రాదు. ఎమ్రిస్‌ను పంపుతాను. మంచి ఘాటైన జలుబు ఒకటి ముందే తెప్పించి, తగ్గించి, తిప్పి పంపండి.

ఇట్లు
తమ విధేయుడు
ఇడ్వాల్ ప్రైస్

తా.క. మేం జాగ్రత్తలు తీసుకోవడం లేదనుకునేరు. ప్రతి సాధనకూ ముందు మా అమ్మ నేర్పిన ఉల్లిపాయ తేనె పాకం అందరికీ నా చేత్తో తలా ఒక చెంచా పోస్తాను. చెంచా కూడా అమ్మదే, వెండిది. ముందు నేను రుచి చూసి, తర్వాత వరసగా నలభై మందికీ. అంత చేసినా ఈ బృందంలోకి జలుబులు ఎక్కణ్ణుంచి వస్తాయో అంతు చిక్కదు.


జలుబు పరిశోధన కేంద్రం
ఫిబ్రవరి 26

ప్రైస్ గారికి,

మీ ఉత్తరం అందింది. మాది జలుబులు అమ్మే దుకాణం కాదని ముందుగా మనవి చేసుకుంటున్నాను.

మశూచి ఒక్కటే. జలుబు ఒక్కటి కాదు. జలుబు తెప్పించే వైరస్‌లు ఎన్ని రకాలో మాకే ఇంకా లెక్క తేలలేదు. ఒక రకం వచ్చిపోతే ఒంట్లో దానికి ప్రతిరక్షకాలు తయారవుతాయి. అవి ఆ ఒక్కదాన్నే గుర్తుపట్టి అడ్డుకుంటాయి. పక్క రకం వస్తే దారిన పోయే దానయ్య అనుకుని ఊరుకుంటాయి. ఇన్ఫ్లూయెంజాకు టీకా ఉన్నా మామూలు జలుబుకు లేకపోవడానికి కారణం ఇదే.

అయినా మాకు మనుషులు ఎప్పుడూ కావాలి. ప్రోబర్ట్ గారు ఇష్టపడి వస్తే రావచ్చు. వచ్చినవాళ్లు ఇద్దరిద్దరుగా ఒక్కో గుడిసెలో ఉంటారు. భోజనం గుమ్మం ముందు పెట్టి వెళ్తాం. గుట్ట మీద షికారు తిరగవచ్చు గాని గుడిసెలోని తోడు తప్ప మరే మనిషికీ ముప్ఫై అడుగుల లోపలికి పోరాదు. సగం మందికి వైరస్ చుక్కలు, సగం మందికి ఉత్త ఉప్పునీళ్లు. ఏవి ఎవరికో చివరి రోజు దాకా ఎవరికీ తెలియదు. వాడిన రుమాళ్లన్నీ లెక్కపెట్టి తూస్తాం.

ఇట్లు
డాక్టర్ రోలాండ్ పెగ్లర్

తా.క. ఉత్తరాల చివర రాసే తాజా కలాలు మా కార్యదర్శి మిస్ పెన్‌ఫోల్డ్ చదివి, అవసరమైతే నాకు చెబుతుంది. మీది పాకం తయారీ విధానమని చెప్పింది. కృతజ్ఞతలు, మాకు అక్కర్లేదు.


నాంత్‌గారెగ్
మార్చి 1

డాక్టర్ పెగ్లర్ గారికి,

నమస్కారం. మీ ఉత్తరం బృందం ముందు చదివి వినిపించాను. దుకాణం కాదంటూనే లోపల అన్ని రకాలున్నాయని చెప్పారు చూడండి, అదీ మర్యాద తెలిసిన వ్యాపారుల మాట. రకాలుంటే ఇంకా మంచిది. మాకు ఏది పడితే అది వద్దు. ప్రస్తుతం మా లోయలో తిరుగుతున్నదే కావాలి.

గుర్తులు చెబుతాను. మొదట గొంతులో గరగర. మర్నాటికి ముక్కు. ఆ తర్వాత చెవుల్లో దూది పెట్టినట్టు. దగ్గు పొడి. రైలు స్టేషను వైపునుంచి ఊళ్లోకి వచ్చింది. ఇంత చెప్పినా మీరు పొరపడతారేమోనని నమూనా కూడా పంపుతున్నాను. తేనె సీసాలో ఉన్నది మా పోస్టాఫీసు బ్రోన్వెన్ హాప్కిన్ గారి రుమాలు. నిన్న సాయంత్రమే ఆమె మనస్ఫూర్తిగా తుమ్మి ఇచ్చింది.

ఎమ్రిస్ పదకొండో తారీఖు రైలుకు వస్తాడు. రోజూ పొద్దున స్వరాలు పలికించండి. తుమ్ముకీ తుమ్ముకీ మధ్య ఖాళీ ఉంటుంది కదా.

ఉప్పునీళ్ల సంగతి చదివాను. అవి వేరే ఎవరికైనా వేయండి.

ఇట్లు
ఇడ్వాల్ ప్రైస్

తా.క. రుమాలు అంచుకు అల్లిక హాప్కిన్ గారి మేనత్త చేసింది. పని అయిపోగానే ఉతికి పంపమన్నారు. ఇస్త్రీ అక్కర్లేదట.


జలుబు పరిశోధన కేంద్రం
మార్చి 14

ప్రైస్ గారికి,

తేనె సీసా అందింది. అందులో తేనె ఉందనుకుని మిస్ పెన్‌ఫోల్డ్ మూత తీసి వాసన చూసింది. మూడో రోజునుంచి ఆమె మంచం మీద ఉంది. గొంతులో గరగర, మర్నాటికి ముక్కు, ఆ తర్వాత చెవుల్లో దూది పెట్టినట్టు. మీ వర్ణనలో తప్పులేదని ఒప్పుకోక తప్పడం లేదు. రుమాలు మరిగించి దీనితో పంపుతున్నాను. దయచేసి ఇక ఎవరి రుమాలూ పంపకండి.

ప్రోబర్ట్ గారు వచ్చారు. రక్తం తీసుకుని చుక్కలు వేశాం. ఏ చుక్కలో అడగవద్దు, నాకూ తెలియదు. తెలిస్తే నా చెవికి లేని తుమ్ములు కూడా వినిపిస్తాయి. అందుకే ఈ ఏర్పాటు.

ఆయన స్వరాలు పొద్దునే కాదు, మధ్యాహ్నమూ సాయంత్రమూ పలుకుతున్నారు. ఆయన గుట్ట ఈ కొసన, వేరే గుడిసెలో ఉండే ఒక గాయని ఆ కొసన నిలబడి జంటగా పాడుకుంటున్నారు. మా నర్సు టేపు పట్టుకెళ్లి కొలిచింది. ముప్ఫై అడుగులకు పైనే ఉంది. కాబట్టి నేనేమీ అనలేను. బాగా పాడుతున్నారని కూడా చెప్పాలి.

ఇట్లు
రోలాండ్ పెగ్లర్

తా.క. మీ ఉత్తరం వచ్చిన వారంలోనే దాదాపు అవే మాటలతో, మశూచి టీకా పోలికతో సహా, మీ వైపునుంచే మరో ఉత్తరం వచ్చింది. రాసినవారి పేరు చెప్పే అధికారం నాకు లేదు. ఆ గాయనిని పంపింది వారే.


నాంత్‌గారెగ్
మార్చి 16

డాక్టరు గారికి,

పేరు చెప్పే అధికారం మీకు లేకపోతే పోయింది, నేనే చెబుతాను. గ్వెన్‌లియన్. చిన్నప్పుడు నేను లెక్క చేస్తుంటే వెనకనుంచి చూసి రాసేది. ఇప్పుడు కొండకవతల కూర్చుని నా బుర్రలోకి తొంగిచూస్తోంది.

ఆ గాయని ఎవరో కూడా తెలిసిపోయింది. త్రెవెల్లిన్ పసిపిల్లల బడి పంతులమ్మ నోన్ ట్రెహెర్న్. కింది స్థాయిలో ఆ జిల్లాకే పెద్ద గొంతు. ఎమ్రిస్ అమాయకుడు, ఆడవాళ్లు ఎదురొస్తే పాలబండి గుర్రం వెనక దాక్కుంటాడు. వాణ్ణి మాటల్లో పెట్టి మేం ఏ పాట పాడబోతున్నామో లాగేస్తుంది. ముప్ఫై అడుగులు చాలవు. అరవై చేయండి.

అది అలా ఉంచి, మా వాడి ముక్కులో ఏం వేశారో మీకే తెలియదా? నేను బూటు కుట్టిచ్చి, ఇది కుడికాలిదో ఎడమకాలిదో పది రోజులయ్యాక చెబుతాను, అందాకా తొడుక్కుని తిరగండి అంటే మీరు ఊరుకుంటారా? డాక్టరు చదువు చదివినవాళ్లు కళ్లకు గంతలు కట్టుకుని వైద్యం చేయడం మా లోయలో ఎవరూ విని ఎరగరు. నిన్న ఈ మాట మీద బృందంలో సగం మంది నాతో పోట్లాడారు. సాధన సాగలేదు. నేను మాత్రం కొండ ఎక్కి దిగి, ఎక్కి దిగి, నా బూట్లే అరగదీసుకున్నాను.

ఇట్లు
ఇడ్వాల్ ప్రైస్

తా.క. హాప్కిన్ గారి రుమాలు అందింది. మరిగించడంతో అల్లిక ముడుచుకుపోయి బొమ్మకు కట్టే రుమాలంత అయింది. ఆమె ఇప్పుడు మా ఉత్తరాలకు ముద్ర ఎంత గట్టిగా కొడుతోందో మీకు కవరు చూస్తేనే తెలుస్తుంది.


జలుబు పరిశోధన కేంద్రం
మార్చి 22

ప్రైస్ గారికి,

పది రోజులూ ముగిశాయి. నిన్న కవర్లు విప్పాం. ప్రోబర్ట్ గారికి పడినవి వైరస్ చుక్కలే. మిస్ ట్రెహెర్న్‌కు ఉప్పునీళ్లు.

అయితే ప్రోబర్ట్ గారు ఒక్క తుమ్ము కూడా తుమ్మలేదు. ఇచ్చిన రుమాళ్లు ఇచ్చినట్టే మడత విప్పకుండా తిరిగి ఇచ్చారు. కారణం ఆయన రక్తంలో ఉంది. ఈ రకం జలుబు ఎప్పుడో ఆయనకు వచ్చి పోయింది, దాని ప్రతిరక్షకాలు దండిగా ఉన్నాయి. మీ పోలికే చెప్పాలంటే, ఈ కాలికి కొలత తీసి కుట్టిన బూటు ఆయన దగ్గర ముందే ఉంది. మరో కాలికి అది సరిపోతుందని మాత్రం నేను చెప్పలేను.

కనుక మీరు కోరిన జలుబు ఆయనకు రాలేదు. నిన్న సాయంత్రం రైలుకు బయల్దేరారు.

ఇట్లు
రోలాండ్ పెగ్లర్

తా.క. ఆయనకు జబ్బు లేకపోయినా ముక్కు కడిగిన నీళ్లలో వైరస్ కొద్దిగా కనిపించింది. కొన్ని రోజులు అందరికీ దూరంగా ఉండమన్నాను. సరేనన్నారు.

మరో తా.క. మిస్ పెన్‌ఫోల్డ్ ఇంకా లేవలేదు. అందువల్ల మీ పాత ఉత్తరాలు నేనే సర్దుతూ మొదటి ఉత్తరం తాజా కలం ఇప్పుడే చదివాను. ప్రైస్ గారూ, నలభై మందికీ ఒకే చెంచానా? మధ్యలో కడగరా? దయచేసి వెంటనే ఆపండి.


నాంత్‌గారెగ్
మార్చి 28

డాక్టరు గారికి,

మీ ఉత్తరం గురువారం వచ్చింది. సాధన బుధవారం జరిగింది.

ఏం జరిగిందో చెబుతాను, వినండి. ఎమ్రిస్ దిగగానే మీరు చెప్పిన దూరం సంగతి చెప్పాడు. మాకు మాటంటే మాటే. వాణ్ణి చర్చి హాలు చివర, తలుపు పక్కన, అడుగులు కొలిచి మరీ నిలబెట్టాం. ఎవరూ దగ్గరికి పోలేదు. అయితే పది రోజులు మన కోసం కష్టపడి వచ్చాడు కదా, పాకం ముందు వాడికే ఇవ్వడం మర్యాదని అందరూ అన్నారు. చెంచా తీసుకెళ్లి దూరంనుంచే చేయి చాపి నోట్లో పోశాను. తర్వాత నేను. తర్వాత వరసగా అందరూ.

శుక్రవారానికి మొదటి వరస పడిపోయింది. ఆదివారం చర్చిలో కీర్తన ఎత్తుకుంటే కీళ్లు తుప్పుపట్టిన నలభై తలుపులు ఒక్కసారి తెరిచినట్టుంది. పాదిరి గారు చేయి ఎత్తి, మనసులోనే పాడుకుందామన్నారు. నిలబడి ఉన్నది ఎమ్రిస్, నేను. నాకు పుట్టి బుద్ధెరిగి తుమ్ము రాలేదు, ఇప్పుడూ రాలేదు. ఒక్కడికి జలుబు తెప్పించమని పంపితే వాణ్ణి వదిలేసి మిగతా అందరికీ తెప్పించారు. మీ శాస్త్రానికో దండం.

త్రెవెల్లిన్‌లో ఈ వార్త విని నవ్వుకుంటున్నారట. మా అక్క మాత్రం నవ్వలేదని హాప్కిన్ గారు చెప్పింది. ఆమె ఏమందని అడిగితే, "ఆ చెంచా ఇంకా వాడి దగ్గరే ఉందా?" అందట.

ఉంది. మా గొడవంతా దాని గురించే. అమ్మ చర్చిలో పాటలు నేర్పే రోజుల్లో ఆ చెంచాతోనే బల్ల మీద తాళం వేసేది. దానితోనే మాకు పాకం పోసేది. అమ్మ పోయినప్పుడు అక్క అడిగింది. ఇంట్లో ఉన్నవాడిని, నాదేనన్నాను. చెంచా దగ్గర మొదలై నువ్వెంతంటే నువ్వెంత దాకా పోయింది. పద్దెనిమిదేళ్లు.

పోటీకి మూడు వారాలుంది. ఏదైనా టీకా ఉంటే నలభై పంపండి. లేదంటే లేదని చెప్పండి, కర్రకు ఇప్పటినుంచే గుడ్డ చుట్టి పెట్టుకుంటాను.

ఇట్లు
ఇడ్వాల్ ప్రైస్

తా.క. ఒక సందేహం. మధ్యలో కడగరా అని అడిగారు. కడిగితే పాకం వృథా కాదా?


జలుబు పరిశోధన కేంద్రం
మార్చి 31

ప్రైస్ గారికి,

టీకాలు లేవు. అవసరమూ లేదు. కాస్త కూర్చుని చదవండి.

మీరు ఒక్కడికి అడిగారు, నలభై మందికి దొరికింది. వారం పది రోజుల్లో అందరి గొంతులూ బాగవుతాయి. ఆ తర్వాత కొంతకాలం ఈ రకం జలుబు మీ బృందంలో ఎవరి జోలికీ రాదు. పోటీ రోజుకు మీ లోయలో ఇదే తిరుగుతుంటే అందరికంటే భద్రంగా ఉండేది మీరే. నేను పన్నెండేళ్లుగా గుట్ట మీద చేస్తున్న పని మీరు ఒక్క సాయంత్రం చెంచాతో చేశారు. అలా చేయమని మాత్రం ఎవరికీ చెప్పను.

చెంచాను మరిగించండి. ఇకపై ఒక చెంచా ఒక నోటికే.

ఇట్లు
రోలాండ్ పెగ్లర్

తా.క. మీకు తుమ్ము రాలేదంటే మీలో వైరస్ లేదని అర్థం కాదు. పైకి ఏమీ లేకుండా రెండు మూడు వారాలు పంచిపెట్టేవాళ్లుంటారు. పోటీ అయ్యేదాకా మీరూ అందరికీ దూరంగా ఉండండి.

మరో తా.క. పోటీ తర్వాత మీ వాళ్లందరి రక్తం కాస్త కాస్త ఇప్పిస్తారా? నేను కాలేజీలో మంద్ర స్థాయి పాడేవాణ్ణి. వస్తే ఒక పాట కూడా వినవచ్చు.


నాంత్‌గారెగ్
ఏప్రిల్ 20

ప్రియమైన డాక్టరు గారికి,

ఉభయకుశలోపరి. మొదటినుంచీ చెబుతాను. మధ్యలో కోప్పడకండి.

మీరు చెప్పినట్టే అందరి గొంతులూ వచ్చేశాయి. మునుపటికంటే బాగా వచ్చాయి. సాధన కూడా అయిపోయింది, ఇక చేయడానికేం లేదు. కూర్చోలేకపోయాను. చెంచాను మూడుసార్లు మరిగించాను. మరిగించిన చెంచా బల్ల మీద పెట్టుకుని చూస్తే, ఒక నోటికే అన్నారు కదా, ఇక ఇది నాకెందుకనిపించింది. జేబులో వేసుకుని కొండ దాటి అక్క ఇంటికి వెళ్లాను. పోటీకి ఇంకా తొమ్మిది రోజులుంది.

దూరంగా ఉండమన్న మీ తాజా కలం చదివాను. అది పరాయివాళ్ల గురించి అనుకున్నాను. పైగా అక్కకు పద్దెనిమిదేళ్లు దూరంగానే ఉన్నాను, ఆ ఉన్నది చాలదా అనుకున్నాను.

అక్క తలుపు తీసి చెంచా చూసింది. తర్వాత లోపలికి పోయి పాకం తెచ్చింది. ఇన్నేళ్లుగా ఆమె కూడా కాస్తూనే ఉంది. ఒక చెంచా నింపి నా నోటి దగ్గర పెట్టింది.

"ముందు నువ్వే. అమ్మ చిన్నవాడికే ముందు పోసేది."

తాగాను. కాదనడం నా వల్ల కాలేదు. తర్వాత ఆమె తాగింది. ఆమెకూ నాలాగే జన్మలో తుమ్ము లేదు. ఆ సాయంత్రమే తన సాధనకు వెళ్లి, అమ్మ చెంచా తిరిగి వచ్చిందని చెప్పి, తన బృందానికంతా వరసగా పోసింది.

ఇక పోటీ రోజు. పొద్దున నేను బూట్లు తొడుక్కుంటుండగా ఎమ్రిస్ వచ్చాడు. నోరు తెరవకముందే తుమ్మాడు.

నేను రెండో బూటు పక్కన పడేశాను. నీ రక్తం నిండా ప్రతిరక్షకాలు ఉన్నాయని డాక్టరు గారు రాశారు కదరా అన్నాను. వాడు టోపీ నలుపుతూ చెప్పేశాడు. వాడూ నోన్ ట్రెహెర్నూ ఆరేళ్లుగా ఇష్టపడుతున్నారు. రెండు ఊళ్లకూ పడదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. మీ గుట్ట కోసం అడిగి తీసుకున్న పది రోజులు తప్ప, ఆమెకు బడినుంచి సెలవులు దొరికేది ఈస్టరుకే. ఏటా ఆ వారమే కొండ మీద కలుసుకుంటారు. పసిపిల్లల బడిలో ఏ వారం జలుబు ఆ వారానిదే, సెలవులిచ్చేనాటికి ఆమె దగ్గర ఏదో ఒక కొత్తది ఉంటుంది. అంటే డాక్టరు గారూ, వాడికి జలుబు పోటీ వల్ల రావడం లేదు, సెలవుల వల్ల వస్తోంది. ఒక రకం మరో రకాన్ని గుర్తుపట్టదని మీరు మొదటి ఉత్తరంలోనే చెప్పారు. నేనే వినిపించుకోలేదు.

నలభై గొంతులున్నాయి, ఒంటరిగా పాడేవాడు లేడు. కర్ర పోయినట్టే అనుకుంటూ హాలుకు చేరాను. అప్పుడు త్రెవెల్లిన్ బస్సు వచ్చింది. దిగినవాళ్లు దిగినట్టే తుమ్ముతున్నారు. గొంతులో గరగర, చెవుల్లో దూది. నాకు తెలిసిన జలుబే, నేను మోసుకెళ్లి ఇచ్చిన జలుబే. నిలబడ్డవాడు ఒక్కడు, డిల్విన్ అని వాళ్ల పై స్థాయి గాయకుడు. వాడికి ఉల్లిపాయ గిట్టదు, పాకం ముట్టుకోలేదు.

వేదిక వెనక అక్క నా దగ్గరికి వచ్చింది. నేను నోరు విప్పబోతే చేత్తో ఆపింది.

"నీకు గొంతులున్నాయి, పాడేవాడు లేడు. నాకు పాడేవాడున్నాడు, గొంతులు లేవు. డిల్విన్‌ను తీసుకో."

"మరి కర్ర ఎవరు పట్టుకుంటారు?"

ఆమె నా కర్ర వంక చూసింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కోటు జేబుల్లో పెట్టి తీస్తోంది, పెట్టి తీస్తోంది. అది చూశాక నేను ఆగలేకపోయాను. నా కర్ర ఆమె చేతిలో పెట్టి, పోయి మంద్ర స్థాయి వరస చివర నిలబడ్డాను. మా వాళ్లు ఇప్పటికీ తిడుతున్నారు.

ఆమె వేదిక ఎక్కింది. కర్రను ముందున్న బల్ల మీద పెట్టేసింది. జేబులోంచి అమ్మ చెంచా తీసింది. బల్ల మీద రెండుసార్లు తట్టి, ఎడమ చేయి కొంచెం ఎత్తి, అచ్చం అమ్మలాగే తాళం మొదలుపెట్టింది. ముప్ఫై ఏళ్లు నేను అందరికీ ఎదురుగా నిలబడ్డాను గాని, నాకు ఎదురుగా నిలబడి ఎవరూ అలా చేయి ఎత్తలేదు. నాకు ఏడుపొచ్చింది. పాడాల్సిన మొదటి చరణం నేను పాడలేదు.

నెగ్గాం. కప్పు మీద ఏ ఊరి పేరు చెక్కాలని అడిగారు. అక్కా నేనూ అక్కడే, అందరి ముందే మళ్లీ పోట్లాడుకున్నాం. బృందాలు కలవలేదు. కర్ర నా దగ్గరే ఉంది. కప్పు ఆర్నెల్లు వాళ్లకు, ఆర్నెల్లు మాకు. చెంచా మాత్రం అక్కదే. ఎమ్రిస్‌కూ నోన్‌కూ జూన్‌లో పెళ్లి. మీరు తప్పక రావాలి. సూదులు తెచ్చుకోండి, రెండు లోయల వాళ్లూ చేతులు చాపి కూర్చుంటారు. మంద్ర స్థాయిలో మాకు చోటు ఖాళీగా ఉంది.

ఇట్లు
మీ
ఇడ్వాల్ ప్రైస్

తా.క. మీరు చెప్పినట్టు ఆ చెంచా ఇక ఒక్క నోటికే వాడుతున్నాం. అయితే నెగ్గిన రోజు కప్పులో పానీయం పోసి అందరూ ఒక్కో గుక్క తాగడం మా ఆనవాయితీ. రెండు ఊళ్లవాళ్లమూ తాగాం. ముందు ఎమ్రిస్, తర్వాత నేను, తర్వాత వరసగా. కప్పు సంగతి మీరు చెప్పలేదు కదా.

మరో తా.క. ఈ ఉత్తరం మొదలుపెట్టినప్పుడు బాగానే ఉన్నాను. ఇప్పుడు మూడుసార్లు తుమ్మాను. జన్మలో మొదటిసారి. ఇది ఏ రకమో చెప్పగలరేమో చూడండి. రుమాలు తేనె సీసాలో పెట్టి పంపుతున్నాను. మిస్ పెన్‌ఫోల్డ్ గారిని మూత తీయవద్దనండి.